పద్యం ఎక్కడ బాగుంది?

(మన సంఘం సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం కవిత్వంలో వాడే పారిభాషిక పదాలు. యతి, ప్రాస, ఉపమ, ధ్వని, రసం వగైరా. ఈ పేర్లు వినగానే మనలో చాలామందికి పదో తరగతి తెలుగు పరీక్ష, అందులో "క్రింది వాక్యంలోని అలంకారమును గుర్తించి లక్షణము వ్రాయుము" అనే ప్రశ్న గుర్తుకొస్తాయి. రాశాం, మార్కులు వేయించుకున్నాం, మర్చిపోయాం. మళ్ళీ ఇప్పుడెందుకు అని మీకనిపించవచ్చు.

ఎందుకంటే, మన సభల్లో ఏటా కవితలు చదువుతున్నాం, సంచికల్లో అచ్చు వేస్తున్నాం. చదివినవాడికి మనం చెప్పేది ఒకే ఒక్క మాట: "బాగుంది". నచ్చకపోతే అదే మాట కొంచెం మెల్లిగా అంటాం, అంతే తేడా. మన వర్క్‌షాపుకి ఒక బండి తీసుకెళ్ళి జాబ్ కార్డు మీద "బండి బాగాలేదు" అని రాసిస్తే అక్కడి హవల్దారు తీసుకుంటాడా? క్లచ్చా, బ్రేకా, రేడియేటరా, ఏ భాగమో చెప్పమంటాడు. భాగానికి పేరు తెలిస్తేనే దాని మీద వేలు పెట్టి చూపించగలం. ఈ పారిభాషిక పదాలు కూడా అలాంటి పేర్లే. పద్యం ఎక్కడ బాగుందో, ఎక్కడ కుంటుతోందో వేలు పెట్టి చూపించడానికి పనికొస్తాయి. ఇంతకుమించి వాటికి పవిత్రత ఏమీ లేదు, వాటిని చూసి భయపడాల్సిన పనీ లేదు.

పెద్ద కవుల పద్యాలు తీసుకుంటే వాటి మీద గౌరవంతో మనం వేలు పెట్టం. అందుకని ఈ సభ కోసం నేనే ఒక చిన్న పద్యం అల్లుకొచ్చాను. గొప్ప పద్యమని కాదు, విప్పి చూడడానికి పనికొచ్చే పద్యం.

మంచు కొండ మీద మన జవానుండగా
గడప ముందు ముగ్గు కళ్ళు తెరిచె
నాన్న రాక కొరకు నాలుగేళ్ళ పసిది
వేలు మడిచి లెక్క వేసుకొనియె

ఇది ఆటవెలది. వేమన పద్యాలు మీకు ఎన్ని నోటికి వచ్చినా, వాటిలో ఎక్కువ భాగం ఈ నడకలోనివే. దీని ప్రాణం అంతా గురువు, లఘువు అనే రెంటిలో ఉంది. లఘువు అంటే ఒక చిటిక వేసినంత సేపు పలికే అక్షరం. గురువుకి రెండు చిటికెలు. దీర్ఘమైతే గురువు, పక్కన సున్న ఉంటే గురువు, తర్వాత జంటక్షరమో సంయుక్తాక్షరమో వస్తే దానికి ముందున్నది గురువు. పరేడ్ మైదానంలో ఉస్తాద్ "దాహినే..." అని సాగదీసి, చటుక్కున "ముడ్" అని తుంచుతాడు చూడండి, ఆ సాగదీయడానికీ తుంచడానికీ మధ్య తేడాతోనే వందమంది ఒకేసారి తిరుగుతారు. పద్యమూ అంతే. అక్షరాలకి కదం కలపడమే ఛందస్సు.

మొదటి పాదం విడగొడితే ఇలా వస్తుంది: మంచు, కొండ, మీద, మనజవా, నుండగా. మొదటి మూడూ గురువు తర్వాత లఘువు. ఇవి సూర్యగణాలు. మూడు లఘువులు వరసగా వచ్చినా సూర్యగణమే. రెండో పాదంలో "గడప", "తెరిచె" అలాంటివి. మనజవా, నుండగా అన్నవి కొంచెం పెద్దవి, ఇంద్రగణాలు. ఆటవెలదికి ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. పెద్ద పాదం, చిన్న పాదం, పెద్ద పాదం, చిన్న పాదం. పిల్లల చేత చప్పట్లు కొట్టిస్తే పది నిమిషాల్లో పట్టేస్తారు. గణాల పేర్లు, "యమాతారాజభానసలగం" అనే సూత్రం ఆ తర్వాత నేర్చుకోవచ్చు. హిందీ పాఠంలో కూడా పిల్లలకి ఇదే సూత్రం వస్తుంది, చివర "గం" బదులు "గా" అంటారు.

ఇక్కడే ఒక విషయం నిలబెట్టి చెప్పాలి. అసలు ఈ అంశం ఒప్పుకున్నది దీనికోసమే.

మన పిల్లలు మూడేళ్ళకో స్టేషన్ మారుతుంటారు. ఉత్తరాదిలో వాళ్ళు చదివే చాలా బడుల్లో తెలుగు ఉండదు. ఇంట్లో మాట్లాడతారు, చదవలేరు. ఉగాదికి పిల్లవాడు వేదిక ఎక్కి పద్యం చెప్పాలంటే ఏం చేస్తున్నాం? అమ్మో నాన్నో ఆ పద్యాన్ని హిందీ అక్షరాల్లో రాసిస్తున్నారు. వాడు కష్టపడి బట్టీ పట్టి, కూడబలుక్కుని చెప్తాడు. చప్పట్లు కొడతాం. ఆ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ కాగితం మీద ఏం పోయిందో చూడండి.

హిందీ వర్ణమాలలో హ్రస్వ "ఎ", హ్రస్వ "ఒ" లేవు. మన పద్యంలో "తెరిచె" మూడు లఘువులు. హిందీ అక్షరాల్లో రాస్తే అది "తేరిచే" అవుతుంది, గురువు లఘువు గురువు. గణం మారిపోయింది, కదం తప్పింది. "కొరకు" కాస్తా "కోరకు" అవుతుంది. నడకా పోయింది, అర్థం కూడా పోయింది, ఎందుకంటే కోరవద్దు అనే మాట అయి కూర్చుంది. అక్కడితో ఆగదు. హిందీ చదివే అలవాటులో మాట చివరి "అ" మింగేస్తారు. "మీద" మీద్ అవుతుంది, "మన" మన్ అవుతుంది, "కొండ" కోండ్ అవుతుంది. మొదటి పాదంలో ఉన్నవి పదమూడక్షరాలు. అందులో మూడు అక్కడే మాయం. ఇక ఫోన్లో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునే తెలుగు సంగతి చెప్పక్కర్లేదు. పి ఏ టి ఏ అని రాస్తే అది పాటా, పాతదా, పటమా? చదివేవాడికి ముందే తెలుగు వచ్చి ఉంటే తప్ప తెలియదు. రానివాడికి నేర్పడానికి ఆ రాత ఎలా పనికొస్తుంది?

కాబట్టి గురువు లఘువు అన్నవి పండితుల వ్యవహారం అనుకోకండి. ఆ రెండూ మన అక్షరాల్లో ఉన్నాయి. ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు అని మన లిపి కనిపెట్టుకుని ఉన్నది కాబట్టే మన పద్యం నడుస్తోంది. లిపి వదిలేస్తే పద్యం మిగలదు, దాని అర్థం మాత్రం మిగులుతుంది. అర్థం కోసమే అయితే దాన్ని ఏ భాషలోనైనా చెప్పుకోవచ్చు. పిల్లలకి "అక్షరాలు నేర్చుకో" అంటే నేర్చుకోరు, నాకు తెలుసు. చప్పట్లతో ఆటవెలది పట్టుకున్న పిల్ల మాత్రం, హిందీ కాగితం చూసి చదివినప్పుడు చప్పట్లు ఎందుకు తప్పుతున్నాయని తనే అడుగుతుంది. ఆ ప్రశ్న వచ్చిన సాయంత్రం పలక తియ్యండి.

సరే, ముందుకు వెళ్దాం. యతి.

ఈ మాట దగ్గర మన పిల్లలకి ఒక తికమక తప్పదు. సంస్కృతంలోనూ హిందీలోనూ యతి అంటే విరామం, ఆగే చోటు. దోహాలో పదమూడు మాత్రల దగ్గర యతి అంటే అక్కడ గొంతు ఆగుతుంది, తర్వాత పదకొండు మాత్రలు. తెలుగులో యతి అంటే ఆగడం కాదు, పోలిక. పాదం మొదటి అక్షరానికీ, పాదం మధ్యలో నియమించిన చోట ఉన్న అక్షరానికీ స్నేహం కుదరాలి. దీన్నే వడి అనీ అంటారు. మన మొదటి పాదంలో "మంచు"లో మ, నాలుగో గణం మొదట "మన"లో మ. మూడో పాదంలో నా, నా. నాలుగో పాదంలో వే, వే. రెండో పాదం చూడండి: "గడప"లో గ, "కళ్ళు"లో క. ఇవి ఒకే అక్షరం కాదు కదా అంటారేమో. క, ఖ, గ, ఘ ఒకే కుటుంబం, వాటికి యతి చెల్లుతుంది. అలాగే ప వర్గానికి వ తోనూ స్నేహం. కానీ హల్లు ఒక్కటి కలిస్తే చాలదు, అచ్చు కూడా కలవాలి. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ ఒక జట్టు. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. అందుకని "గడప"కి "కళ్ళు" కుదిరింది, "కీలు" కుదరదు.

ఈ యతి ఎక్కడ పడాలన్నది పద్యాన్ని బట్టి మారుతుంది. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండు, శార్దూలంలో పదమూడు, మత్తేభంలో పద్నాలుగు. నాటక పద్యాలు పాడే మిత్రులు ఇక్కడ ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళని అడగండి, లెక్క చెప్పలేకపోయినా యతి తప్పిన పద్యం పాడమంటే వాళ్ళ గొంతు ఒప్పుకోదు.

ప్రాస మాటకి కూడా ఇదే గొడవ. ఉత్తరాది వాళ్ళకి ప్రాస అంటే పాదం చివర కలవాలి, తుక్ అంటారు. మన పద్యంలో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. వృత్తాల్లో, కందంలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంగా ఒకే హల్లు రావాలి. ఆటవెలదికి ఆ నిర్బంధం లేదు. కన్నడంలోనూ రెండో అక్షరమే ప్రాస. తమిళ మిత్రులని అడగండి, వాళ్ళు రెండో అక్షరం కలవడాన్ని ఎదుగై అనీ, మొదటి అక్షరం కలవడాన్ని మోనై అనీ అంటారు. అంటే మన ప్రాస, మన యతి, వాళ్ళకి ఆ రెండు పేర్లతో దగ్గర చుట్టాలు. దక్షిణాది చెవి మాట మొదట్లో కలయిక వెతుకుతుంది, ఉత్తరాది చెవి చివర్లో వెతుకుతుంది. ఒకే బ్యారక్‌లో నాలుగు భాషల వాళ్ళతో బతికిన మనకి ఇది పుస్తకం చూడకుండానే తెలియాల్సిన సంగతి.

మన చుట్టూ వినిపించే గజల్ సంగతీ ఒక్కమాట. అందులో ప్రతి ద్విపద చివరా మారకుండా వచ్చే మాట రదీఫ్. దానికి ముందు ప్రాస కలిసే మాట కాఫియా. మొదటి ద్విపద మత్లా, కవి తన పేరు ఇమిడ్చే చివరిది మక్తా. మన శతకాల్లో ప్రతి పద్యం చివరా మారకుండా వచ్చే మకుటం ఉంది కదా, మక్తా, మకుటం ఒకటేనా అని ఒక కుర్రాడు నన్నడిగాడు. వినడానికి అలాగే ఉంది గానీ కాదు. మకుటం అంటే కిరీటం, సంస్కృతం మాట. మక్తా అరబ్బీ, తెంచడం అనే అర్థం నుంచి వచ్చింది. పని చూస్తే మకుటం రదీఫ్‌కే కొంచెం దగ్గర.

అలంకారాలకి వస్తే, ఇక్కడ మనకో సౌకర్యం ఉంది. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, అతిశయోక్తి, శ్లేష, యమకం, ఈ పేర్లన్నీ పిల్లలకి హిందీ వ్యాకరణంలో వస్తాయి. పేర్లు అవే, ఇల్లు మాత్రం మారింది. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. తర్వాతివాళ్ళు పెంచుకుంటూ పోయి వంద దాటించారు. అన్నీ అక్కర్లేదు.

"ఈ రొట్టె పరేడ్ గ్రౌండ్‌లా గట్టిగా ఉంది" అని లంగరులో ఎవరో అన్నారనుకోండి. రొట్టె ఉపమేయం, పరేడ్ గ్రౌండ్ ఉపమానం, గట్టిదనం సమానధర్మం, "లా" ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి, పూర్ణోపమ. వంటవాడి ముందు మాత్రం లుప్తోపమ వాడుకోవడం క్షేమం. "మంచు దుప్పటి కప్పుకుంది కొండ" అంటే పోలిక కాదు, మంచే దుప్పటి, అది రూపకం. "మబ్బులు కొండ మీద గుడారాలు వేసుకున్నాయేమో" అంటే ఊహ, ఉత్ప్రేక్ష. "మా సుబేదార్ సాబ్ గొంతెత్తితే పక్క పల్టన్ కూడా సావధాన్‌లో నిలబడుతుంది" అంటే ఏమిటో మీకే తెలుసు, అందరి యూనిట్లలోనూ అలాంటి సాబ్ ఒకాయన ఉంటాడు.

మన పద్యంలో "ముగ్గు కళ్ళు తెరిచె" అన్నాం. ముగ్గుకి కళ్ళుండవు. ప్రాణం లేనిదానికి మనిషి పని అంటగట్టడాన్ని ఈనాడు మానవీకరణ అంటున్నారు. కానీ ఆ పద్యంలో నాకు ఇష్టమైన చోటు అది కాదు. "వేలు మడిచి లెక్క వేసుకొనియె" అన్నది. అందులో పోలిక లేదు, ఊహ లేదు. నాలుగేళ్ళ పిల్ల ఎలా లెక్కపెడుతుందో అలా చెప్పడమే. ఇదీ ఒక అలంకారమే అంటే ఆశ్చర్యంగా ఉంటుంది. దీని పేరు స్వభావోక్తి. ఉన్నది ఉన్నట్టు, కానీ కళ్ళకి కట్టేట్టు చెప్పడం. పసిపిల్లల చేష్టలు, జంతువుల కదలికలు చెప్పడానికి పెద్దలు దీన్ని ఎక్కువగా మెచ్చుకున్నారు. కవితలో "లా", "వలె", "వంటి" లేకపోతే అది కవిత్వం కాదనుకునే కొత్త కవులు ఈ ఒక్క పేరు గుర్తుపెట్టుకుంటే మన సంచికలో సగం పోలికలు తగ్గుతాయి.

శ్లేషకి మన బతుకులోనే మంచి మాట ఉంది: సెలవు. సెలవు అంటే చుట్టీ. సెలవు అంటే అనుమతి, ఆజ్ఞ. "తమరు సెలవిచ్చినట్టే" అంటాం. సెలవు అంటే వీడ్కోలు కూడా, "ఇక సెలవు" అంటే వెళ్ళొస్తానని. ఒక్క మాటలో మూడు అర్థాలు. ఒకే మాట రెండు అర్థాలిస్తే శ్లేష. ఒకే మాట రెండుసార్లు వచ్చి, వచ్చినప్పుడల్లా వేరే అర్థమిస్తే యమకం. శ్లేషని ఎంతదూరం తీసుకెళ్ళొచ్చో చూడాలంటే పదహారో శతాబ్దపు పింగళి సూరన రాఘవపాండవీయం ఉంది. ఒకే పద్యం ఒకవైపు నుంచి రామాయణం, ఇంకోవైపు నుంచి భారతం. కావ్యమంతా అలాగే నడుస్తుంది. గొప్ప పని. రోజూ చదువుకునే పనేనా అంటే, నా మటుకు నేను కాదనే అంటాను.

ఇప్పుడు కాశ్మీరం వెళ్దాం. మీలో చాలామంది ఆ దారి ఎరుగుదురు. జమ్మూ నుంచి శ్రీనగర్ వెళ్ళే రహదారిలో, శ్రీనగర్ ఇంకా కొంచెం దూరం ఉందనగా అవంతిపుర వస్తుంది. రోడ్డు పక్కనే పాత రాతి గుడి శిథిలాలు కనిపిస్తాయి. ఆ ఊరు కట్టించిన రాజు అవంతివర్మ, 855 నుంచి 883 దాకా ఏలాడు. ఆయన కాలంలో వెలుగులోకి వచ్చిన కవుల్లో ఆనందవర్ధనుడు ఒకడని కల్హణుడు రాజతరంగిణిలో చెప్పాడు. కవిత్వానికి ఆత్మ ధ్వని అని చెప్పిన ధ్వన్యాలోకం ఆ ఆనందవర్ధనుడిదే. దానికి లోచనం అనే వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు, వక్రోక్తి చెప్పిన కుంతకుడు, కావ్యప్రకాశం రాసిన మమ్మటుడు, ఔచిత్యం చెప్పిన క్షేమేంద్రుడు, అందరూ ఆ లోయవాళ్ళే. మనం కాన్వాయ్‌లో గంటలు లెక్కపెట్టుకుంటూ దాటిపోయిన నేల మీదే ఈ శాస్త్రంలో పెద్ద భాగం పుట్టింది.

అక్కడి నుంచి అది ఓరుగల్లు దాకా వచ్చింది. కాకతీయ ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు ప్రతాపరుద్రీయం రాశాడు, ఉదాహరణలన్నీ తన రాజు మీదే అల్లి. తర్వాత పదిహేడో శతాబ్దంలో మన గోదావరి సీమ మూలాలున్న జగన్నాథ పండితరాయలు ఢిల్లీ వెళ్ళి, షాజహాన్ కొలువులో ఉండి, రసగంగాధరం రాశాడు. మనకంటే ముందే ఢిల్లీ పోస్టింగ్ చేసిన తెలుగువాడన్నమాట.

ధ్వని అంటే ఏమిటి? మాటకి మూడు శక్తులు. మొదటిది అభిధ, నిఘంటువులో ఉన్న అర్థం. రెండోది లక్షణ. "స్టేషను వచ్చింది, లేవండి" అంటాం. స్టేషను ఎక్కడికీ రాదు, మన రైలే వెళ్తుంది. నేరుగా చూస్తే అర్థం పొసగదు కాబట్టి దాన్ని ఆనుకుని ఉన్న అర్థం తీసుకుంటాం. మూడోది వ్యంజన. మాట చెప్పకుండానే స్ఫురింపజేసే అర్థం. అదే ధ్వని.

"పోస్టింగ్ ఆర్డరు వచ్చింది." ఇంతే వాక్యం. భర్త ఇంటికొచ్చి చెప్పాడు. భార్యకి వినిపించింది, పిల్లల టీసీలు, మళ్ళీ పెట్టెలు కట్టడం. పెద్దవాడికి వినిపించింది, ఈ ఊళ్ళో దొరికిన ఒకే ఒక్క స్నేహితుడు పోయాడని. ఫోన్లో తల్లికి వినిపించింది, కొంచెం మన ఊరి దగ్గరికేమైనా వేశారా అని. పక్క బ్లాకులో క్వార్టరు కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్నాయనకి వినిపించింది, అమ్మయ్య అని. వాక్యం ఒకటే, వాచ్యార్థం ఒకటే. విన్నవాడిని బట్టి, చెప్పినవాడిని బట్టి, సందర్భాన్ని బట్టి ఇన్ని అర్థాలు. ఇవేవీ ఆ మాటల్లో లేవు, ఆ మాటలు లేకుండానూ రావు.

మన పద్యానికి వద్దాం. పిల్లకి బెంగగా ఉందని ఎక్కడా అనలేదు. తల్లి సంగతి అసలు లేదు. కానీ ముగ్గు ఉంది, అంటే పెట్టినవాళ్ళున్నారు. ఆమె ఎదురుచూపు ఆ ముగ్గు కళ్ళలోంచే చూడాలి. వేళ్ళున్నవి పది. ఆ పదీ అయిపోతే ఆ పిల్ల ఏం చేస్తుందో పద్యం చెప్పలేదు. "పిల్ల తల్లడిల్లె, తల్లి కుమిలిపోయె" అని రాసి ఉంటే సమాచారం ఎక్కువ ఉండేది, పద్యం తక్కువ ఉండేది. మన సంచికలకి వచ్చే కవితల్లో నాకు కనిపించే పెద్ద లోపం ఇదే. కన్నీరు అనే మాట మూడుసార్లు వాడితే మూడు రెట్లు కన్నీరు వస్తుందనుకుంటాం. రాదు.

క్షేమేంద్రుడి ఔచిత్యం కూడా ఇక్కడే చెప్పేస్తాను. "అమ్మ చెయ్యి ఇస్త్రీపెట్టెలా వెచ్చగా ఉంది" అన్నామనుకోండి. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, వాచకం, లెక్కకి అన్నీ సరిపోయాయి. కవిత మాత్రం కాలిపోయింది. అలంకారం ఉండడం వేరు, తగి ఉండడం వేరు.

ఇక మిగిలింది రసం. తొమ్మిదీ చెప్పను, మన వృత్తికి దగ్గరైన ఒక్కటి చెప్తాను. భరతుడు చెప్పినవి ఎనిమిది, శాంతం తర్వాత చేరింది. వాటిలో వీరం ఒకటి, రౌద్రం ఒకటి. ఈ రెండూ ఒకటే అనుకుని మన నాటకాల్లోనూ కవితల్లోనూ కలిపేస్తున్నాం. ప్రతి రసానికీ అడుగున ఒక స్థాయీభావం ఉంటుంది. రౌద్రానికి క్రోధం. వీరానికి క్రోధం కాదు, ఉత్సాహం. ఉత్సాహమంటే ఈలలు వేయడం కాదు, చేపట్టిన పనిలో సడలని పూనిక. వీరానికి కారణాలుగా భరతుడు చెప్పినవాటిలో తొట్రుపాటు లేకపోవడం, పట్టుదల, నీతి, వినయం, బలం, పరాక్రమం ఉన్నాయి. వరస చూస్తే మన ఏసీఆర్ ఫారంలో కాలమ్‌ల్లా ఉన్నాయి. కోపం ఆ జాబితాలో లేదు. యుద్ధవీరంతో పాటు దానవీరం, దయావీరం, ధర్మవీరం కూడా చెప్పారు. కర్ణుడు కవచం ఇచ్చేటప్పుడు వీరుడే. శిబి కూడా వీరుడే.

1999 కార్గిల్ యుద్ధం తర్వాత ఎన్నెన్ని కవితలు వచ్చాయో మీకు తెలుసు. పళ్ళు నూరడం, నెత్తురు తాగడం, శత్రువుని ముక్కలు చెయ్యడం. అది రౌద్రం. రాసుకోవచ్చు, తప్పు లేదు, పేరు మాత్రం వీరమని పెట్టకూడదు. రాత్రి పూట, ఆక్సిజన్ చాలని ఎత్తులో, నిట్టనిలువు బండ మీద తాడు పట్టుకుని ఎక్కినవాడికి అరిచే తీరిక లేదు. అరిస్తే ప్రమాదం కూడా. ఆ నిశ్శబ్దంలో ఉన్న పూనిక వీరం. దాన్ని రాసినవాళ్ళు తక్కువ. అలాగే, ప్రాణమిచ్చిన సహచరుడి మీద రాసేటప్పుడు ఇది కరుణమా వీరమా అని కవి ముందే తేల్చుకోవాలి. స్థాయి శోకమైతే శోకాన్ని నడవనివ్వాలి, మధ్యలో జయజయధ్వానాలు పెట్టి దాని గొంతు నొక్కకూడదు. ఆ కుటుంబం మన సంచిక చదువుతుంది. కొన్ని ఇళ్ళల్లో ఆ పేజీని దాచుకుంటారు కూడా.

వచన కవిత రాసేవాళ్ళు, గణాల గొడవ మాకు లేదుగా అని ఇందాకటి నుంచి హాయిగా కూర్చున్నారు. గణాలు లేవు, నిజమే. గురజాడ 1910లో ముత్యాల సరంతోనే మాత్రలకి కొత్త నడక నేర్పాడు, ఆ తర్వాత మాత్రల లెక్క కూడా వదిలేశారు. కానీ ఎక్కడ పాదం విరవాలో, ఏ మాట మళ్ళీ రావాలో చెప్పే చెవి మాత్రం అక్కడా కావాలి. ఒక వస్తువు ఒకసారి పోలికగా వస్తే ఉపమానం. అదే కవితంతా తిరుగుతూ ఒక బతుకంతటికీ గుర్తుగా నిలిస్తే ప్రతీక. పేరు, నంబరు పెయింటు వేసిన మన నల్ల ట్రంకు పెట్టె అలాంటిది. దాని మీద ప్రతి బదిలీకీ పాత ఊరి పేరు చెరిపి కొత్తది రాస్తాం, అడుగున మొదటి ఊరి పేరు లీలగా కనిపిస్తూనే ఉంటుంది. ఎవరైనా దీని మీద కవిత రాస్తారేమోనని చూస్తున్నాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఇందాక చూడకుండా ఊరుకోవడం ఉపేక్ష, ఇప్పుడు చూడడం ధ్వని. అర్థమైంది.

వెళ్ళేముందు మీకో సమస్య ఇస్తాను. అవధానాల్లో చివరి పాదం ఇచ్చి పద్యం పూరించమంటారు కదా, అలాగే. ఆటవెలది నాలుగో పాదం ఇది:

సెలవు వచ్చె గాని సెలవు లేదు

సెలవు, వచ్చె, గాని, సెలవు, లేదు. అయిదు సూర్యగణాలు, చప్పట్లు కొట్టి చూసుకోండి. సె కి సె యతి. ఏ సెలవుకి ఏ అర్థమో మీ ఇష్టం. ముందున్న మూడు పాదాలు మీవి. టీ తాగి వచ్చాక వింటాను. పిల్లలు పూరిస్తే ముందు వాళ్ళవే వింటాను. అమ్మానాన్నల సాయం తీసుకోవచ్చు, కాగితం మీద మాత్రం తెలుగు అక్షరాలే ఉండాలి.